ఎస్టేటు ముందున్న పాత రాతి గేటు అసలు ఎక్కడిది? కనుక్కోవడం ఎలా

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లకు వీకెండ్ అంటే చాలాసార్లు ఏదో ఒక పాత బంగళా, దాని చుట్టూ తోట, దారిలో ఒక పెద్ద రాతి గేటు. గేటు దగ్గర ఫొటో దిగుతాం, బోర్డు మీద ఒక పేరూ ఒక సంవత్సరమూ చదువుతాం, టీ ఎక్కడ దొరుకుతుందో వెతుక్కుంటూ లోపలికి వెళ్లిపోతాం. ఆ బోర్డు మీద రాసింది నిజమేనా అని మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? వస్తే అది మంచి అనుమానమే. ఎస్టేటు గేట్ల పుట్టుక గురించి వినిపించే మాటల్లో చాలావరకు ఒకరు అన్నది ఇంకొకరు రాసుకున్నవి. మీరే తేల్చుకోవాలంటే చరిత్రలో డిగ్రీ అక్కర్లేదు. ఓపిక ఉండాలి, అంతే.

మన దగ్గర ఏ పాత చెరువు సంగతి అడిగినా రాయలవారు తవ్వించారంటారు చూడండి. అక్కడ పదిహేడో శతాబ్దపు గేటు కాస్త అందంగా కనిపిస్తే చాలు, ఇనిగో జోన్స్ పని అనేస్తారు. ఆయన 1615 నుంచి రాజుగారి కట్టడాలకు సర్వేయర్, అంటే ప్రధాన వాస్తుశిల్పి, ఇటలీ చూసొచ్చిన మనిషి, గొప్ప పేరు. గ్లోస్టర్‌షైర్‌లో స్టాన్‌వే హౌస్ అని ఒక ఎస్టేటు ఉంది. దాని ముందు 1630 ప్రాంతంలో కట్టిన గేట్‌హౌస్ (గదులు కూడా ఉండే ద్వారం కట్టడం), తేనెరంగు సున్నపురాయి. చాలాకాలం దాన్ని కూడా జోన్స్ ఖాతాలోనే వేశారు. ఇప్పుడు పరిశోధకులు చెప్పే పేరు టిమతీ స్ట్రాంగ్, దగ్గరలోని బారింగ్టన్ ఊరి రాతి మేస్త్రీ. ఈయన మనవడు థామస్ స్ట్రాంగే 1675లో లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌కు పునాదిరాయి వేసిన మేస్త్రీ. అంటే ఊరి మేస్త్రీ అని తేలిగ్గా తీసేయాల్సిన కుటుంబం కాదు. అయినా పెద్ద పేరు ముందు ఇన్నాళ్లూ కనిపించలేదు.

మొదటి పని: ప్రశ్నను ముక్కలు చేయండి

"ఈ గేటు ఎవరు కట్టారు?" అని మొదలుపెడితే దారి తప్పుతారు. నోట్‌బుక్‌లో మూడు ప్రశ్నలు విడివిడిగా రాసుకోండి. ఈ రాళ్లు ఎప్పుడు చెక్కారు? ఈ గేటును ఈ చోట ఎప్పుడు నిలబెట్టారు? దీని నమూనా ఎవరిది, పని ఎవరిది? మూడింటికీ ఒకటే జవాబు రావాలని ఎక్కడా లేదు.

ఎందుకంటే అక్కడ గేట్లు నడుస్తాయి. లండన్ చిజిక్ హౌస్ తోటలో ఒక రాతి గేటు ఉంది. అది నిజంగానే ఇనిగో జోన్స్‌ది. కానీ ఆయన దాన్ని 1621లో లయొనెల్ క్రాన్‌ఫీల్డ్ అనే దొర కోసం చెల్సీలో కట్టాడు. తర్వాత ఆ స్థలం హాన్స్ స్లోన్ చేతికి వచ్చింది. బ్రిటిష్ మ్యూజియం ఈయన సేకరణతోనే మొదలైంది. పాత ఇల్లు పడగొట్టే ఆలోచనలో ఉండి, 1738లో గేటును స్నేహితుడు బర్లింగ్టన్ దొరకు ఇచ్చేశాడు. బర్లింగ్టన్‌కు జోన్స్ అంటే పిచ్చి అభిమానం. రాయి రాయీ విప్పించి చిజిక్‌కు తెప్పించుకున్నాడు. కవి అలెగ్జాండర్ పోప్ దీని మీద గేటే మాట్లాడుతున్నట్టు ఓ చిన్న పద్యం కూడా కట్టాడు. కాబట్టి "చిజిక్ గేటు 1621 నాటిది" అన్నా నిజమే, "1738 నాటిది" అన్నా నిజమే. మీరు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నారో ముందు తేల్చుకోవాలి.

గేటు దగ్గర: వెనక్కి వెళ్లి చూడండి

అందరూ ముందునుంచి ఫొటో తీస్తారు. మీరు వెనక్కి వెళ్లండి. కట్టినవాడు అలంకారం ముందు పెడతాడు, సర్దుబాట్లు వెనక దాస్తాడు.

గేటు స్తంభం పక్కనున్న ప్రహరీ గోడతో కలిసే చోట రాళ్ల వరసలు గమనించండి. స్తంభం, గోడ ఒకేసారి కట్టి ఉంటే రాళ్లు ఒకదాంట్లోకి ఒకటి దూరి అల్లుకుంటాయి. పైనుంచి కిందిదాకా గీత గీసినట్టు నిటారు అతుకు కనబడితే రెండూ వేర్వేరు కాలాలవి. ఏది ముందో కూడా సాధారణంగా తెలుస్తుంది. ముందు కట్టినదాని అంచు శుభ్రంగా, పూర్తిగా చెక్కి ఉంటుంది. తర్వాత వచ్చింది దానికి ఆనుకుని ఉంటుంది.

తర్వాత అరుగుదల చూడండి. ఆ దేశంలో వాన, గాలి ఎక్కువగా నైరుతి, పడమటి వైపుల నుంచి కొడతాయి. గేటు పడమటి ముఖం కంటే తూర్పు ముఖం బాగా అరిగిపోయి ఉందనుకోండి, పక్కపక్క రాళ్లలో ఒకటి నున్నగా ఇంకొకటి గుంటలు పడి ఉందనుకోండి, ఆ రాళ్లు ఇంకోచోట ఇంకోవైపు తిరిగి కొన్నేళ్లు గడిపి ఉండొచ్చు. చెట్టు నీడ, కారే నీళ్లు కూడా ఇలాంటి తేడా తెస్తాయి. అందుకే దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకండి.

ఇంకా వెతకాల్సినవి: రాళ్ల మీద చెక్కిన లేదా రంగుతో వేసిన అంకెలు (విప్పి మళ్లీ పేర్చేటప్పుడు వేస్తారు), తలుపులే లేని చోట మిగిలిన ఇనుప కీళ్లు, ఎత్తు సరిపోక కింద వేరే రంగు రాయితో పేర్చిన పీట, మధ్యలో తెగిపోయిన శిల్పం. కమాను నడినెత్తిన ఉన్న రాయి మీద సంవత్సరం చెక్కి ఉంటే సంతోషించండి గానీ పూర్తిగా నమ్మకండి. మరమ్మతు చేసినవాళ్లు తమ సంవత్సరం చెక్కుతారు, పాత ఇంటి రాయిని తెచ్చి గర్వంగా పైన పెట్టుకునేవాళ్లూ ఉన్నారు.

గేటు అంతా ఒకటే వయసు అనుకోవడం పెద్ద పొరపాటు. బ్రిస్టల్‌లో ఆర్నోస్ కోర్ట్ అని ఒక ఎస్టేటు ఉండేది. దాని యజమాని విలియం రీవ్, ఇత్తడి పరిశ్రమతో సంపాదించినవాడు, 1760 ప్రాంతంలో ఒక కమాను గేటు కట్టించాడు. దాని గూళ్లలో నిలబెట్టిన విగ్రహాలు మాత్రం అప్పట్లో పడగొట్టిన బ్రిస్టల్ నగర ద్వారాల నుంచి తెచ్చినవి. కమాను కంటే వందల ఏళ్లు పాతవి. ఆ విగ్రహాల అసలువి తర్వాత మ్యూజియానికి వెళ్లాయి, గేటులో ఉన్నవి నకళ్లు. ఇప్పుడు దీని వయసు ఎంతంటే ఏం చెబుతారు? విగ్రహానికి వేరే, గూడుకు వేరే, నకలుకు వేరే చెప్పాలి.

రాయి, ఉలి, సున్నం

ఏ రాయో తెలిస్తే సగం కథ తెలుస్తుంది. రైళ్లు, కాలువలు రాకముందు రాయిని బండి మీద దూరం తేవడం తలకు మించిన ఖర్చు, అందుకే దగ్గర్లో దొరికిన రాయితోనే కట్టేవాళ్లు. నదీ తీరమో సముద్రతీరమో అయితే వేరు సంగతి. డోర్సెట్ తీరంలోని పోర్ట్‌లాండ్ రాయి లండన్‌కు పడవల్లోనే వచ్చింది. బ్రిటిష్ జియొలాజికల్ సర్వే వాళ్ల ఆన్‌లైన్ మ్యాపు ఉచితం. గేటు ఉన్న చోట భూమిలో ఏ రాయి ఉందో చూసి, గేటు రాయితో పోల్చండి. ఎర్ర ఇసుకరాయి ఊళ్లో తెల్ల సున్నపురాయి గేటు ఉంటే, దాన్ని ఎవరు, ఏ దారిన తెచ్చారన్నది మీ తర్వాతి ప్రశ్న.

ఈ పరీక్ష ఓడిపోయే చోట్లూ ఉన్నాయి. సోమర్‌సెట్‌లోని మాంటక్యూట్ హౌస్ 1600 ప్రాంతంలో పూర్తయిన ఇల్లు. దాని పడమటి ముఖద్వారం మాత్రం 1786లో క్లిఫ్టన్ మేబ్యాంక్ అనే పాత ఇంటి నుంచి కొని తెచ్చి అతికించింది. ఇంటికంటే ద్వారం పాతది, కానీ ఇంటికి ద్వారం కొత్తగా వచ్చింది! రెండు ఇళ్లదీ హామ్ కొండ రాయే, అదే తేనెరంగు. రాయిని మాత్రమే చూసేవాడికి అనుమానమే రాదు. అక్కడ నిజం బయటపెట్టేది కాగితాలే.

ఉలి గుర్తులు చూడటానికి ఉదయమో సాయంత్రమో వెళ్లండి, ఎండ పక్కనుంచి పడుతుంది. మబ్బు రోజైతే ఫోను టార్చ్‌ను రాతికి ఆనించినట్టు పక్కనుంచి పట్టండి, ముందునుంచి కాదు. 12వ శతాబ్దం చివరిదాకా గొడ్డలి లాంటి పనిముట్టుతో రాయిని నునుపు చేసేవాళ్లు, ఏటవాలుగా గీతలు పడతాయి. తర్వాత పళ్ల ఉలి, వెడల్పు ఉలి గుర్తులు ఎక్కువ. మధ్యయుగపు గేటని చెబుతున్నదాని మీద యంత్రం రంపంతో కోసినట్టు సమంగా ఉంటే పందొమ్మిదో శతాబ్దపు మరమ్మతైనా అయ్యుండాలి, అప్పుడే కట్టిన అనుకరణైనా అయ్యుండాలి. పద్దెనిమిదో శతాబ్దపు దొరలకు కావాలని శిథిలాలు కట్టించుకునే సరదా ఉండేది. ఊస్టర్‌షైర్‌లోని హాగ్లీ పార్కులో శాండర్‌సన్ మిల్లర్ అనే వాస్తుశిల్పి అలాంటి "పాడుబడ్డ కోట"ను 1740ల చివర్లో కట్టాడు. ఆరొందల ఏళ్ల కోట అనుకుని మురిసిపోయేవాళ్లు ఇప్పటికీ ఉంటారు.

సున్నం విషయంలో అతుకు పైపైన చూసి మోసపోకండి. పైన కనిపించేది ఆఖరుసారి పూత వేసినప్పటిది. రాయి ఊడిన చోట లోపలికి చూడండి. పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ 1824లో వచ్చింది. లోపలి పొరల్లో కూడా గట్టి బూడిదరంగు సిమెంటే ఉంటే, రాళ్లు ఎంత పాతవైనా సరే, పేర్చింది మాత్రం ఆ తర్వాతే. గోళ్లతో గీకడం, ముక్క విరిచి జేబులో వేసుకోవడం వద్దు. లిస్టెడ్ కట్టడాన్ని (ప్రభుత్వ రక్షణ జాబితాలో ఉన్నదాన్ని) పాడుచేయడం అక్కడ క్రిమినల్ నేరం.

స్తంభాల మీద కూర్చున్న సింహాలనూ కుండలనూ వదలొద్దు. అవి రాయి కాకపోవచ్చు. 1769లో లండన్ లాంబెత్‌లో ఎలినార్ కోడ్ అనే ఆవిడ బట్టీలో కాల్చిన కృత్రిమ రాయి తయారీ మొదలుపెట్టింది. సుమారు 1840 దాకా ఆ సరుకు దేశమంతా వెళ్లింది. అచ్చులో నొక్కి కాల్చింది కాబట్టి అసలు రాయి అరిగినంతగా అరగదు. చుట్టూ ఉన్న రాయి మొహం పోయి, సింహం జూలు మాత్రం నిన్న చెక్కినట్టుంటే పీఠం అంచు మీద కోడ్ ముద్ర కోసం వెతకండి. చాలాసార్లు పేరుతోపాటు సంవత్సరం కూడా ఉంటుంది. ఆ ముద్ర సింహానికే సాక్ష్యం. కింద స్తంభం వందేళ్లు ముందుదై ఉండొచ్చు.

వంశ చిహ్నం

గేటు నెత్తిన డాలు ఉంటే దగ్గరగా ఫొటో తీయండి. ఎడమ సగం ఒక గుర్తు, కుడి సగం ఒక గుర్తు ఉంటే సాధారణంగా భర్త వంశం, భార్య వంశం. ఆ పెళ్లి ఎప్పుడైందో దొరికితే చిహ్నం అంతకుముందుది కాదని తేలుతుంది. డాలులో చిన్న అరచెయ్యి గుర్తు ఉంటే యజమాని బారొనెట్ (వంశపారంపర్యంగా వచ్చే బిరుదు) అని అర్థం. ఆ బిరుదు 1611లో మొదలైంది. స్టాన్‌వే గేట్‌హౌస్ కప్పు అంచుల మీద ఆల్చిప్పలు కనిపిస్తాయి, అవి ట్రేసీ వంశం గుర్తు. అయితే కొన్నవాడు పాత డాలు తీయించి తనది పెట్టించడం మామూలే. డాలు చుట్టూ సున్నం వేరే రంగులో ఉందేమో చూడండి.

ఇంటికొచ్చాక: మ్యాపులు

ఇక్కణ్నుంచి పని అంతా లాప్‌టాప్ మీదే, హైదరాబాద్‌లో కూర్చుని కూడా చేయొచ్చు. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వెబ్‌సైట్‌లో స్కాట్లాండ్‌వే కాదు, ఇంగ్లండ్, వేల్స్ పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (అక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపులు కూడా ఉచితంగా ఉన్నాయి. మైలుకు 25 అంగుళాల స్కేలు మ్యాపులు ఎంచుకోండి. 1850ల నుంచి 1890ల దాకా మొదటి విడత గీశారు. అందులో గేటు స్తంభాలు కూడా కనబడతాయి. మొదటి విడతలో లేని గేటు రెండో విడతలో ఉంటే, ఆ రెండింటి మధ్యలో వచ్చిందన్నమాట.

దీనికి మంచి ఉదాహరణ టెంపుల్ బార్. లండన్ నగరం పడమటి పొలిమేరలో 1669–72 మధ్య పోర్ట్‌లాండ్ రాయితో కట్టిన ద్వారం, సెయింట్ పాల్స్ కట్టిన వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్‌కు ఆపాదిస్తారు. ట్రాఫిక్‌కు అడ్డమని 1878లో విప్పేశారు. రాళ్లు కొన్నేళ్లు ఒక యార్డులో పడి ఉన్నాయి. బీరు వ్యాపారి హెన్రీ మ్యూక్స్ భార్య వాలెరీ ముచ్చటపడితే వాటిని కొని, 1888లో హర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని తమ థియొబాల్డ్స్ పార్క్ ఎస్టేటులో నిలబెట్టారు. 2004లో మళ్లీ లండన్ తెచ్చి సెయింట్ పాల్స్ పక్కన పెట్టారు. ఇంత ప్రసిద్ధమైన ద్వారం కాబట్టి కథంతా తెలిసింది. ఊరూ పేరూ లేని గేటుకు ఇదే జరిగి ఉంటే, వందేళ్ల తర్వాత అక్కడివాళ్లు "ఇది మా ఎస్టేటులో పదిహేడో శతాబ్దం నుంచీ ఉంది" అనేవాళ్లు.

ఆర్డ్‌నెన్స్ సర్వే కంటే వెనక్కి వెళ్లాలంటే టైద్ మ్యాపులు. 1836 చట్టం తర్వాత చర్చి పన్ను లెక్క కోసం ఊరూరా గీసినవి. ఇంకా వెనక్కి అంటే 1700 ప్రాంతంలో లియొనార్డ్ క్నిఫ్ గీసి యొహానెస్ కిప్ రాగిరేకుల మీద చెక్కిన ఎస్టేటు బొమ్మలు, పక్షి కంటితో పైనుంచి చూసినట్టుంటాయి. మీ ఎస్టేటు వాటిలో ఉంటే అదృష్టమే. కానీ దొరగారు కట్టాలనుకుని కట్టని తోటలు కూడా అలాంటి బొమ్మల్లో చేరుతుంటాయి. బొమ్మలో ఉందని నేలమీద ఉన్నట్టు కాదు.

కాగితాలు

అసలు సాక్ష్యం అంటే డబ్బు లెక్క. మేస్త్రీకి ఇంత ఇచ్చాం, రాయికి ఇంత, బండి కూలి ఇంత అని రాసిన ఒక్క వరస, వంద మంది పండితుల అభిప్రాయం కంటే గట్టిది. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల డిస్కవరీ కేటలాగ్‌లో ఎస్టేటు పేరు, కుటుంబం పేరు రెండూ వేసి వెతకండి. కుటుంబ కాగితాలు ఎక్కువగా కౌంటీ రికార్డ్ ఆఫీసుల్లో ఉంటాయి. ఈమెయిల్ పెట్టేటప్పుడు "గేటు గురించి ఏమైనా ఉందా" అని అడగకండి, "1620–1640 మధ్య ఇంటి లెక్కల పుస్తకాలు ఉన్నాయా" అని అడగండి. మొదటిదానికి మర్యాదగా లేదంటారు. రెండోదానికి కేటలాగ్ నంబరు వస్తుంది.

చేతిరాత చూసి టెన్షన్ పడొద్దు. పదహారు, పదిహేడు శతాబ్దాల రాత మొదట్లో పీతల నడకలా ఉంటుంది. నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లోనే ఉచిత పాఠాలున్నాయి, కొన్ని సాయంత్రాలు కూర్చుంటే అక్షరాలు విడిపోతాయి. తేదీల్లో ఒక మెలిక ఉంది. 1752కు ముందు ఇంగ్లండ్‌లో చట్టం లెక్కన కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. లెక్కల పుస్తకంలో "ఫిబ్రవరి 1629" అని ఉంటే మన లెక్కలో అది 1630 ఫిబ్రవరి. రెండు పుస్తకాల మధ్య ఏడాది తేడా వచ్చి తల పట్టుకునేవాళ్లలో సగం మందికి కారణం ఇదే.

కాగితం దొరికినా గొడవ తీరకపోవచ్చు. లండన్‌లో థేమ్స్ ఒడ్డున బకింగ్‌హామ్ డ్యూక్ ఇంటికి 1626 ప్రాంతంలో కట్టిన యార్క్ వాటర్‌గేటు (పడవల్లో వచ్చేవాళ్లకు నది వైపు ద్వారం) ఇప్పటికీ ఉంది. నదే దూరం జరిగింది, కట్ట కట్టి ఒడ్డును ముందుకు తెచ్చారు, గేటు పార్కులో మిగిలిపోయింది. దాన్ని కట్టింది ఇనిగో జోన్స్ అని కొందరు, డ్యూక్ కొలువులోని బాల్తజార్ గెర్బియే అని కొందరు, రాతి మేస్త్రీ నికొలస్ స్టోన్ అని కొందరు. స్టోన్ బంధువు ఒకాయన రాసిన పనుల జాబితాలో మాత్రం నమూనా, పని రెండూ స్టోన్‌వే అని ఉంది. బంధువు మాట కదా, ఎంత నమ్మాలి? నా మట్టుకు నాకు స్టోన్ వైపే మొగ్గు. అయినా రుజువైందని రాయను.

ఇళ్లు కూలగొట్టిన కాలపు వేలం జాబితాలు కూడా చూడండి. ఇరవయ్యో శతాబ్దంలో పన్నుల దెబ్బకు, యుద్ధాల దెబ్బకు వందల కొద్దీ ఎస్టేటు ఇళ్లు నేలమట్టమయ్యాయి. తలుపులు, మెట్లు, గేట్లు విడివిడిగా అమ్ముడుపోయాయి. మీ గేటు అలా వచ్చిందేమో. 1897లో మొదలైన కంట్రీ లైఫ్ పత్రిక పాత ఫొటోలు ఇక్కడ బాగా పనికొస్తాయి.

ఊరి కథను ఏం చేయాలి

పారేయకండి, పక్కన పెట్టండి. స్కాట్లాండ్‌లో ఫైరిష్ కొండ మీద కమానులతో ఒక రాతి కట్టడం ఉంది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో సేనాని హెక్టర్ మన్రో 1781లో డచ్చివాళ్ల నుంచి నాగపట్నం పట్టుకున్నాడు. దాని జ్ఞాపకంగా ఆ ఊరి కోట ద్వారం నమూనాలో కొండ మీద దీన్ని కట్టించాడంటారు. పనిలేని కూలీలకు కూలి దొరకాలని రాళ్లను కొండ మీంచి మళ్లీ మళ్లీ కిందికి దొర్లించేవాడని కూడా చెబుతారు. మన్రో, నాగపట్నం చరిత్ర. రాళ్లు దొర్లించడం కథ. రెండూ రాసుకోండి, కానీ ఒకే వాక్యంలో కాదు.

చివరిగా రాసేటప్పుడు

పాత కట్టడాలను చూసుకునే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ జాబితాలో మీ గేటు ఎంట్రీ తెరిచి, దేని మీద ఆధారపడి రాశారో చూడండి. చాలా ఎంట్రీలు కట్టడాన్ని గుర్తుపట్టడానికి రాసిన నాలుగు ముక్కలే. "బహుశా", "అంటారు", "ఆపాదించారు" అనే మాటలు అక్కడ ఉంటాయి, బోర్డు మీదికి వచ్చేసరికి రాలిపోతాయి. మీరు రాసేటప్పుడు వాటిని తిరిగి పెట్టండి. లెక్కల పుస్తకంలో ఉంటే "కట్టాడు", పోలికను బట్టి చెబితే "ఆయన పనిలా ఉంది", ఊరివాళ్ల మాటైతే "అంటారు". ప్రతి వాక్యం పక్కన ఆధారం రాసుకోండి. ఆధారం లేని వాక్యం ఎంత బాగున్నా కొట్టేయండి.

ఎస్టేటు ఇప్పటికీ సొంత కుటుంబం చేతిలో ఉంటే ముందు ఒక ఉత్తరం రాసి అడగండి. ఇంగ్లండ్‌లో ప్రజల బాట లేని చోట గేటు వెనక్కి వెళ్లాలంటే అనుమతి కావాలి. "మీ బోర్డు తప్పు" అని మొదలుపెట్టకుండా, మీరు తీసిన ఫొటోలు జతచేసి పంపితే బీరువాలోని పాత ఆల్బమ్ బయటికి తీసేవాళ్లు ఉంటారు. మీకు దొరికింది ఆ కౌంటీ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డుకు (అక్కడి పాత కట్టడాల సమాచార భాండారానికి) పంపండి. హిస్టారిక్ ఇంగ్లండ్ వాళ్ల మిస్సింగ్ పీసెస్ ప్రాజెక్టులో అయితే ఎవరైనా జాబితా ఎంట్రీకి ఫొటోలు, సమాచారం జతచేయొచ్చు. వెనకవైపు తీసిన ఫొటోలు, ముఖ్యంగా ఆ నిటారు అతుకు ఫొటో, అక్కడ పెట్టడం మర్చిపోకండి.